గిట్టలు లేని జిరాఫీ

లక్ష్మణమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి పేటలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. గజపతినగరం అవతల మెట్టచేలు దున్నుకునే ఇంట్లో పుట్టి, పదిహేడో ఏట సూరయ్యను చేసుకుని, కళింగపట్నం దగ్గర రైతుల వీధికి కోడలిగా వచ్చింది. ఆ వీధిని ఆనుకునే చేపల పేట. వచ్చిన కొత్తలో ఎండుచేపల వాసనకు అన్నం ముద్ద మింగలేక ఏడ్చిన మనిషి, తర్వాత ఆ పేట పిల్లలకే అంగన్‌వాడీ టీచరై ఇరవై రెండేళ్ళు లాక్కొచ్చింది. ఇవాళ పేటలో పెళ్ళీడుకొచ్చిన వాళ్ళలో సగం మంది ఆవిడ చేతి ముద్ద తిన్నవాళ్ళే. అంచేత ఆవిడ అరిస్తే ఎవరూ పట్టించుకోరు. అరవకపోతేనే ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు.

కోపంతో పాటు గర్వం కూడా ఉంది. ఆ గర్వమంతా కొలతల దగ్గర. నెలకోసారి పిల్లల బరువు, ఎత్తు, జబ్బ చుట్టుకొలత తీసి ఫోనులోని యాప్‌లో ఎక్కించాలి, తల్లి దగ్గరుండే కార్డులోనూ రాయాలి. కొందరు టీచర్లు పిల్ల మొహం చూసి, కిందటి నెల అంకెకు కాస్త కలిపి పారేస్తారు. లక్ష్మణమ్మ అలాంటిది కాదు. చెప్పులు విప్పించి, జడ పక్కకు తీసి, మడమలు గోడకు ఆనించి, నెత్తి మీద పలక పెట్టి, తను వంగి కంటితో చూసి అంకె చెబితే ఆయా దానమ్మ రాసేది. ఒక్క అంకె కూడా ఊహించి వేసి ఎరగదు. అంత నిక్కచ్చి మనిషి చేతి కిందే ఈ పొరపాటు జరిగింది.

సర్కారువారిచ్చిన ఎత్తు కొలిచే చెక్కకు జారుడు ముక్క విరిగి, అది మూలన పడి రెండేళ్ళు దాటింది. దాని బదులు గోడ మీద జిరాఫీ బొమ్మ ఉంది. పసుపు ఒళ్ళు, మట్టిరంగు మచ్చలు, నాలుగు నల్లటి గిట్టలు, గిట్టల కింద పచ్చగడ్డి, పక్కనే నిలువుగా అంకెలు. పెయింటరు చేత నేల నుంచి టేపు పెట్టి కొలిపించి ఆ అంకెలు వేయించింది కూడా లక్ష్మణమ్మే. పిల్లలు దాన్ని పొడుగుమెడ గుర్రం అంటారు.

వానాకాలం వస్తే కేంద్రంలోకి నీళ్ళు వచ్చేవి. కిందటేడు మే సెలవుల్లో టైల్స్ వేయడానికి మేస్త్రీ వస్తే, ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని పక్కనే నిలబడింది. నేల రెండంగుళాలు లేపితే గానీ ఒప్పుకోనని పోట్లాడి లేపించింది. జూన్‌లో కేంద్రం తెరిచి పిల్లల్ని జిరాఫీ పక్కన నిలబెడితే ఒక్కొక్కరూ ఐదేసి, ఆరేసి సెంటీమీటర్లు పెరిగి ఉన్నారు. ఏప్రిల్ తర్వాత మళ్ళీ కొలవడం అప్పుడే.

"సూసినావా దానమ్మా, మన గుడ్ల మహత్తు! సెలవుల్లో మావిడిపళ్ళు కూడా కలిసొచ్చినాయి" అని మురిసిపోయింది లక్ష్మణమ్మ.

వింటున్న మీకు విషయం బోధపడే ఉంటుంది. ఆవిడకు బోధపడలేదు. ముప్ఫై ఒక్క మంది పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు పదకొండు మందల్లా నలుగురయ్యారు. యాప్‌లో ఎరుపు పోయి పచ్చదనం వచ్చింది. సూపర్‌వైజరు సుహాసిని మేడం మీటింగులో అందరి ముందూ చప్పట్లు కొట్టించి, జిల్లాకు పేరు పంపింది. ఏప్రిల్ మూడో సోమవారం శ్రీకాకుళంలో సభ, శాలువా, ప్రశంసాపత్రం. ఆ సభ కోసం లక్ష్మణమ్మ వంగపండు రంగు చీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది.

ఇంకా నాలుగు రోజులుందనగా, గురువారం పొద్దున్న దాలమ్మ వచ్చింది.

దాలమ్మకు అరవై దాటాయి. చేపలు ఎండబెట్టి నరసన్నపేట సంతకు తీసుకెళ్ళి అమ్ముతుంది. కొడుకు ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీద ఉంటాడు. ఇంట్లో కోడలు అనిత, ఐదేళ్ళ మనవరాలు భవాని. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ లక్ష్మణమ్మ తూకంలోనే పెరిగింది.

"టీచరమ్మా, మా గుంటకి ఏటో అయినాది. నువ్వు రాసింది నాకు నమ్మకం కుదర్లేదు" అంది గుమ్మంలోనే నిలబడి.

లక్ష్మణమ్మకు ఒళ్ళు మండింది. "నేనేటి రాసినాను?"

"ఏడాదిలో మూడు వేళ్ళ ఎత్తు పెరిగినాదని రాసినావు కాదేటి. కిందటి నెల టౌనులో డాట్రు గోరు కూడా నీ కార్డే సూసినాడు. పిల్ల బానే పెరిగినాది, పళ్ళెట్టండి, మలబద్ధకం తగ్గిపోతాది పొమ్మన్నాడు. మరి నా తాడు పెరగలేదంటన్నాది. దానికేటి సెప్తావు?"

తాడంటే చేపలు ఆరేసే పందిరి తాడు. పందిరికి రెండు వరసల తాళ్ళుంటాయి. కింది తాడును పిల్ల నెత్తికి తగలకుండా, తలకు పైన రెండు వేళ్ళ ఎడం ఉంచి కడుతుంది దాలమ్మ. భవాని నడక నేర్చిన దగ్గర్నుంచీ ప్రతి శివరాత్రికీ ముడి విప్పి పైకి కట్టడం అలవాటు. పాత ముడులు ఒరుసుకున్న గుర్తులు కర్ర మీద మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. ఈ శివరాత్రికి పిల్లను తాడు కింద నిలబెడితే ఎడం ఇంకా రెండు వేళ్ళే ఉంది. ముడి విప్పే పనే పడలేదు.

"బాగుంది! సర్కారు కొలత కన్నా నీ సేపల తాడెక్కువైపోయినాదా దాలమ్మత్తా? ఎండకీ వానకీ తాడు సాగదేటి?"

"సాగితే కిందకొస్తాది గాని పైకెల్తాదా?" అంది దాలమ్మ. "తాడు సంగతి ఒగ్గేయ్. గుంట పొద్దల్లా తొంగుంటాది. గొంతు బొంగురుపోయినాది. ఒల్లు ఉబ్బినట్టుంటాది గాని జీవం లేదు. ఇంత ఎండలో దుప్పటి అడుగుతాది టీచరమ్మా! సలేస్తందంటాది."

"ఒల్లు పట్టినాది. అదీ తప్పేనా? కిందటేడు పద్నాలుగు కిలోలు, ఇప్పుడు పదిహేడున్నర. పిల్ల బొద్దుగుంటే దిష్టి తీసుకోవాల గాని, నా మీదకొస్తావేటి?"

దాలమ్మ తట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

అరిచి గెలిచింది గానీ, దుప్పటి మాట మాత్రం లక్ష్మణమ్మను వదల్లేదు. ఎనిమిదేళ్ళ కింద ఆవిడకూ అలాగే అయింది. నడివేసవిలో చలి. ఏడాదిలో మూడుసార్లు జాకెట్ల కుట్లు విప్పించుకుంది. యాభై ఎనిమిది కిలోల మనిషి డెబ్భై ఒకటికి పోయింది. చేతులు ఉబ్బి గాజులు రాలేదు. తిండి ఎక్కువైందని వీధంతా ఎగతాళి చేసింది. చివరికి రక్తం తీసి థైరాయిడ్ అన్నారు. అప్పట్నుంచి రోజూ తెల్లారగానే పరగడుపున ఒక మాత్ర. అయితే థైరాయిడ్ అంటే ఆవిడ లెక్కలో కాన్పులైన ఆడవాళ్ళ జబ్బు. ఐదేళ్ళ పిల్లకు వస్తుందని ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడగనూ లేదు. అదీగాక తను లావెక్కింది గానీ పొట్టిదైపోలేదు కదా.

ఎలాగైనా ఆ ముసలిదాని నోరు మూయించాలని, మధ్యాహ్నం భవానిని జిరాఫీ పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. నూటరెండుకు ఒక్క గీత తక్కువ. భవాని గోడకానుకుని, మొహం మీద ఈగ వాలినా తోలుకోకుండా నిలబడింది. "ఇంటికెల్లి తొంగుంటాను టీచరమ్మా" అంది. ఆ గొంతు ఐదేళ్ళ పిల్ల గొంతులా లేదు.

సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుని, కిందటేడు జనవరి ఇరవై ఆరున తీసిన ఫోటో వెతికి పట్టుకుంది. అందులోనూ భవాని జిరాఫీ పక్కనే ఉంది, చేతిలో చిన్న జెండాతో. తల తొంభై ఆరు దగ్గర. ఇవాళ్టి ఫోటోలో నూటరెండు దగ్గర. ఇంకేం కావాలి! దాలమ్మకు రేప్పొద్దున్నే చూపించేద్దామని రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టింది.

అప్పుడు కిందకు చూసింది. పాత ఫోటోలో జిరాఫీకి గిట్టలున్నాయి, గిట్టల కింద పచ్చగడ్డి ఉంది. ఇవాళ్టి ఫోటోలో గడ్డీ లేదు, గిట్టలూ లేవు. కాళ్ళు నున్నటి టైల్స్‌లోంచి నేరుగా మొలుచుకొచ్చినట్టున్నాయి.

"మావా, ఓపాలి ఇటు రా" అంది. సూరయ్య వచ్చి చూసి, "బొమ్మ కాళ్ళు నేలలోకి దిగిపోనాయేటే" అన్నాడు నవ్వుతూ. ఆవిడ మొహం చూసి నవ్వు ఆపేశాడు.

శుక్రవారం తెల్లారగానే మాత్ర మింగి, కుట్టుమిషను టేపు తీసుకుని కేంద్రానికి వెళ్ళింది. గోడ మీద నూరు అంకె దగ్గర టేపు కొస పట్టి నేల దాకా వదిలింది. నూరుండాలి. తొంభై ఐదుంది. మళ్ళీ కొలిచింది. మళ్ళీ తొంభై ఐదే.

భవాని ఎత్తు నూటరెండు కాదు, తొంభై ఏడు. కిందటేడు తొంభై ఆరు పైచిలుకు. అంటే పద్నాలుగు నెలల్లో ఆ పిల్ల గోరంతే పెరిగింది. ఆ ఎత్తుకు పదిహేడున్నర కిలోలంటే బొద్దుతనం కాదు, వాపు. తప్పుడు ఎత్తుతో చూస్తే ఆ బరువు ముద్దొచ్చింది, అసలు ఎత్తుతో చూస్తే భయమేస్తోంది. ఇంకో సంగతి గుర్తొచ్చింది. జూన్ నుంచి ఈ నెల దాకా భవాని అంకె దాదాపు కదల్లేదు. నూట ఒకటి, నూట ఒకటి, నూట ఒకటిన్నర. ప్రతి నెలా చూసింది. మొన్ననే అంత ఎదిగింది కదా, కాస్త ఆగి ఎదుగుతుందిలే అనుకుంది. అంకె సరిగ్గా చూడటమే తన పని అనుకుందే గానీ, అది ఎందుకు కదలడం లేదని ఒక్కసారి కూడా అనుమానపడలేదు.

సుహాసిని మేడానికి ఫోను చేసింది. "మేడం, మా జిరాఫీ తప్పు సూపిస్తన్నాది. నేల లేపినాక అంకెలు మార్చలేదు. పిల్లలందరి ఎత్తూ ఐదేసి సెంటీమీటర్లు ఎక్కువ పడిపోనాది."

"లక్ష్మణమ్మ గారూ, సోమవారం సభ. పేర్లన్నీ పైకి వెళ్ళిపోయాయి. మీతో పాటు నా పేరు కూడా ఉంది" అంది మేడం. "పైగా యాప్ తగ్గిన ఎత్తు తీసుకోదు. ఎర్రర్ చూపిస్తుంది. నేను చెప్పినట్టు చేయండి. పిల్లలు ఎలాగూ పెరుగుతారు. ఐదారు నెలలు ఇదే అంకె వేస్తూ ఉండండి. వాళ్ళే అందుకుంటారు. ఎవరికీ నష్టం లేదు."

"ఎదగని పిల్ల ఉంటేనో మేడం?"

"ఎవరు?"

లక్ష్మణమ్మ నోరు తెరిచింది. భవాని పేరు నాలుక మీదకు వచ్చింది గానీ బయటకు రాలేదు. "తర్వాత సెప్తాను" అని పెట్టేసింది. ఆ తర్వాత రోజంతా తనను తాను తిట్టుకుంది. ఇరవై రెండేళ్ళ పేరు, అందరి ముందూ కొట్టించుకున్న చప్పట్లు, మేడం కొలువు, ఇస్త్రీ చీర, ఒక్కొక్కటీ వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. వీటన్నిటి ముందూ ఎండలో దుప్పటి కప్పుకున్న పిల్ల ఒక్కతే. ఆవిడకు తన మీద తనకు అసహ్యం వేసింది. అయినా ఆ రోజు పేట వైపు వెళ్ళలేకపోయింది.

శనివారానికి ఒక ఉపాయం తట్టింది. నేల సంగతి ఎత్తకుండా, థైరాయిడ్ పరీక్ష ఒకటి చేయించమని చెబితే చాలు. జబ్బు ఉంటే బయటపడుతుంది, తన పరువూ ఉంటుంది. ఆ మాత్రం తెలివి చాలనుకుని దాలమ్మ ఇంటికి వెళ్ళింది.

అనిత గుమ్మంలో వల బాగుచేస్తోంది. భవాని ఎండ పడే చోట చాప మీద, దుప్పటి గడ్డం దాకా లాక్కుని నిద్రపోతోంది. ఇసుక మీద కాలు పెట్టలేనంత ఎండ. లక్ష్మణమ్మ వంగి పిల్ల కాలు ముట్టుకుంది. చల్లగా ఉంది, చర్మం గరుకుగా పొలుసులు కట్టి ఉంది. తన కాళ్ళు కూడా అప్పట్లో ఇలాగే ఉండేవి.

"అనితా, పిల్లకి ఓపాలి రక్తం పరీక్ష సేయించకూడదా? థైరాయిడ్‌ది. నాకెందుకో అనుమానంగా ఉన్నాది."

"డాట్రు గోరు వద్దన్నారు కదా టీచరమ్మా" అంది అనిత తల ఎత్తకుండా. "ముందల రాద్దామనే కలం తీసినారు. ఎత్తాగిపోయిందా అనడిగినారు. నానప్పుడు మీ కార్డు సూపించినాను. ఏడాదిలో ఇంత పెరిగితే అది కాదులే అని కలం జేబులో ఎట్టేసినారు."

డాక్టరు కలం తీశాడు. దాన్ని ఆపింది తన అంకె. ఇప్పుడు వీళ్ళు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ కార్డే చూపిస్తారు. కార్డు అబద్ధమని చెప్పకుండా పిల్లను కాపాడే ఉపాయం లేదు.

"దాలమ్మత్తా!" అని పిలిచింది. పిలుపు కేకలా వచ్చింది. పందిరి దగ్గర చేపలు తిరగేస్తున్న దాలమ్మ చేతులు దులుపుకుంటూ వచ్చింది. ఇద్దరి ముందూ లక్ష్మణమ్మ నిలబడే చెప్పింది. నేల ఎత్తు చేయించడం, అంకెలు మార్చకపోవడం, గిట్టలు, టేపు, శుక్రవారమే తెలిసినా నోరు మూసుకోవడం, అన్నీ చెప్పింది. "నీ తాడే నిజం. నా కార్డు తప్పు. గుంట పెరగలేదు" అంది.

అనిత చేతిలో వల జారిపోయింది. దాలమ్మ తిడుతుందనుకుంది లక్ష్మణమ్మ. జుట్టు పట్టుకున్నా పడటానికి సిద్ధపడే వచ్చింది. దాలమ్మ తిట్టలేదు. చేపల పొలుసులంటిన చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని పందిరి కర్ర దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఇగో, ఇది రెండో ఏడు ముడి. ఇది మూడు. ఇది నాలుగు. ఇక్కడాగిపోనాది. నాకు అచ్చరం ముక్క రాదు. సదువుకున్నదానివి, నువ్వు రాసినావంటే అదే నిజమనుకున్నాను. నా కళ్ళు మసకలొచ్చినాయి గావాల, ముడి సరిగ్గా ఎయ్యలేదు గావాల అని నన్ను నానే తిట్టుకున్నాను గదే. నీ కాగితం సూసి నా గుంటనే నమ్మడం మానేసినాను గదే!"

లక్ష్మణమ్మ ఆ కర్రకు తల ఆనించి ఏడ్చింది. ఊళ్ళో ఎవరి ముందూ అలా ఏడ్చి ఎరగదు.

సోమవారం పొద్దున్న శ్రీకాకుళం బస్సులో నలుగురూ ఎక్కారు. సభకు వెళ్ళాల్సిన బస్సు కూడా అదే. వంగపండు చీర బీరువాలోనే ఉండిపోయింది. లక్ష్మణమ్మ సంచిలో టేపు, పాత కార్డు, రెండు ఫోటోలున్న ఫోను. దారి పొడుగునా సుహాసిని మేడం నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఎత్తి, "రాలేను మేడం. ఆ ఎదగని పిల్ల పేరు భవాని. ఆసుపత్రికి తీసికెల్తన్నాను" అని చెప్పింది. భవాని ఆవిడ ఒళ్ళో నిద్రపోయింది.

పిల్లల డాక్టరమ్మ కార్డు చూసి, "ఎత్తు బాగానే ఉందే" అంది.

"ఆ కార్డు తప్పండి. రాసింది నేనే" అంది లక్ష్మణమ్మ. ఫోటోలు చూపించింది. డాక్టరమ్మ రెండు నిమిషాలు చూసి, లేచి పిల్లను తన కొలబద్ద దగ్గర నిలబెట్టింది. తొంభై ఏడు. లక్ష్మణమ్మ నోట్లో గొణుక్కున్న అంకె, డాక్టరమ్మ పైకి చదివిన అంకె ఒకటే.

"ఎన్నాళ్ళుగా పెరగడం లేదు?"

"పద్నాలుగు నెలలు. అందులో పది నెలలు నా వల్ల పోనాయండి" అంది.

రక్తం తీసుకున్నారు. సూది గుచ్చితే భవాని ఏడవను కూడా లేదు, బద్ధకంగా చూసి ఊరుకుంది. అది చూసి అనిత వెక్కివెక్కి ఏడ్చింది. ఫలితం సాయంత్రం నాలుగింటికి అన్నారు. ముగ్గురాడవాళ్ళూ బల్ల మీద కూర్చున్నారు. మధ్యాహ్నం అన్నం పొట్లం విప్పినప్పుడు దాలమ్మ ఒక ముద్ద తీసి లక్ష్మణమ్మ చేతిలో పెట్టింది, మొహం మాత్రం అటే తిప్పుకుంది. లక్ష్మణమ్మ ఆ ముద్ద చేత్తో పట్టుకునే చాలాసేపు కూర్చుంది.

నాలుగున్నరకు పిలిచారు. ఐదు లోపల ఉండాల్సిన టీఎస్‌హెచ్ అంకె నూట యాభై దాటింది. థైరాయిడ్ గ్రంథి దాదాపు పని మానేసింది.

"పెద్దవాళ్ళకి బరువూ నీరసమూ కనిపిస్తాయి" అంది డాక్టరమ్మ. "పిల్లల్లో ముందు ఆగేది ఎత్తు. బరువు ఆగదు, అందుకే బొద్దుగా ఉన్నారని మోసపోతాం. ఎత్తు ఆగి బరువు పెరుగుతుంటే మొదటి అనుమానం దీని మీదే రావాలి."

"నాకూ ఇదే జబ్బండి. నాకు తట్టలేదు" అంది లక్ష్మణమ్మ.

"మీకు ఎదగడం అయిపోయాక వచ్చింది. మీ ఒంట్లో ఆ గుర్తు కనిపించదు."

"గుంట ఎదుగుతాదా అమ్మా?" దాలమ్మ అడిగింది. "సదువొస్తాదా?"

"మెదడు ఎదిగే మొదటి మూడేళ్ళూ దాటాక వచ్చినట్టుంది, అది కొంత నయం. మందు వేస్తే చురుకుదనం వస్తుంది, ఎత్తు అందుకుంటుంది. కానీ పోయిన నెలలన్నీ పూర్తిగా తిరిగొస్తాయని ఇవాళ మాట ఇవ్వలేను. నాలుగు నెలలు చూద్దాం."

రాసిచ్చిన మాత్ర లక్ష్మణమ్మ రోజూ మింగేదే, మోతాదు తేడా. బస్సులో అనితకు తనే నేర్పింది. చెంచాలో నలిపి నీళ్ళతో ఇవ్వాలి, పాలల్లో కలపకూడదు, వేశాక అరగంట ఏమీ పెట్టకూడదు. మర్నాటి నుంచి తెల్లారి తన మాత్ర మింగగానే పేటకు నడిచేది. భవాని నోట్లో మందు పడటం చూసి గానీ కేంద్రం తాళం తీసేది కాదు.

మిగతాది తేలిగ్గా జరగలేదు. విరిగిన చెక్క బాగుచేయించి, తల్లులందర్నీ పిలిచి, వాళ్ళ కళ్ళ ముందే ముప్ఫై ఒక్క మందినీ మళ్ళీ కొలిచింది. పొట్టివాళ్ళు నలుగురు కాదు, పన్నెండు మంది. యాప్ తగ్గిన అంకెల్ని నెట్టేసింది. ఆవిడ అంకెలు కాగితం మీద రాసి, సంతకం పెట్టి పైకి పంపింది. పది రోజుల్లో మెమో వచ్చింది. తప్పు మేస్త్రీ మీద పెట్టి రాయమని సుహాసిని మేడం సలహా ఇచ్చింది. మేడానికీ మెమో వచ్చింది మరి. లక్ష్మణమ్మ ఆ పని చేయలేదు. నేల లేపమన్నది తనేనని, పది నెలలు అంకె కదలకపోయినా ఎందుకని అడగనిదీ తనేనని రాసిచ్చింది. దాని మీద ఏం చేస్తారో ఇప్పటికీ తేల్చలేదు. పేటలో కొందరు తల్లులు ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు. ఆవిడ అరవడం తగ్గించింది.

మేలో భవాని దుప్పటి అడగడం మానేసింది. జూన్‌లో మొహం మీద వాపు తీసింది, బరువు కిలో తగ్గింది. అది చూసి పక్కింటివాళ్ళు పిల్ల చిక్కిపోయిందని సానుభూతి చూపిస్తే, దాలమ్మ వాళ్ళ మీద విరుచుకుపడింది. జులైలో పిల్ల గొంతు తేటపడి, ఆయా దానమ్మ మీద చాడీలు చెప్పడం మొదలెట్టింది. ఎత్తు మాత్రం లక్ష్మణమ్మ చెక్క మీద కొలుస్తూనే ఉంది. నెలకో సెంటీమీటరు చొప్పున కదులుతోంది. అయినా దాలమ్మకు ఆ అంకె చెబితే వినేది కాదు. "నీ అంకెలు నాకొద్దు" అనేది.

ఆగస్టులో వానలు నాలుగు రోజులు తెరిపిచ్చాయి. ఎండ రాగానే దాలమ్మ పందిరి మీద పొడుగాటి సావిడాయి చేపలు ఆరేస్తోంది. మాత్ర వేయించడానికి వచ్చిన లక్ష్మణమ్మ గుమ్మంలో ఉంది. భవాని కాకిని తరుముతూ ఇంటి వెనక నుంచి పరుగెత్తుకొచ్చింది. ఎప్పటిలాగే కింది తాడు కింద నుంచి దూరబోయింది. తాడు నుదుటి పైన, జుట్టు మొదట్లో కొట్టుకుని వెనక్కి పడింది.

"అమ్మా!" అని పేట అదిరేలా ఏడుపు.

ఇంకోరోజైతే దాలమ్మ పరుగున వెళ్ళి ఎత్తుకునేది. ఇప్పుడు కదల్లేదు. చేతిలో చేప చేతిలోనే ఉంది. పిల్ల నుదుటి పైన ఎర్రటి గీత కేసి చూసింది, తాడు కేసి చూసింది. కళ్ళ నీళ్ళు బొటబొటా కారిపోయాయి. "తగిలినాది" అంది. "టీచరమ్మా, తాడు తగిలినాదే!"

అనిత వచ్చి పిల్లను ఎత్తుకుంది. దాలమ్మ చేపను తట్టలో పడేసి, కర్ర దగ్గరికి వెళ్ళి, ఏడాదిన్నరగా బిగిసిపోయిన ముడిని గోళ్ళతో పంటితో విప్పింది. పిల్లను కర్ర పక్కన నిలబెట్టించింది. తర్వాత తాడు కొస తెచ్చి లక్ష్మణమ్మ చేతిలో పెట్టింది.

"ఇదిగో, ఈపాలి నువ్వే కట్టు" అంది. "సూసి కట్టు."

లక్ష్మణమ్మ భవాని నెత్తి మీద రెండు వేళ్ళు అడ్డంగా పెట్టింది. ఒకసారి చూసింది, వంగి మళ్ళీ చూసింది. పిల్ల చెప్పులు విప్పించి, కాళ్ళ కింద ఇసుక చేత్తో చదును చేసి, మూడోసారి చూసి అప్పుడు ముడి వేసింది.